లేదు అన్న మాటకెంత చోటు

గ్రిమ్స్‌బీ రేవులో తెల్లవారుజాము మూడున్నర.
చేపల వేలం ఏడింటికి.
సర్వర్ మళ్ళీ పడిపోయింది, ఈ వారంలో మూడోసారి.
అరవై నాలుగు గిగాబైట్ల మెమరీ
అయిపోయిందంటోంది తెర.
ఎవరు తిన్నారయ్యా అంటే
ఏ ప్రోగ్రామూ నోరు విప్పదు.
అందరి విస్తళ్ళూ లెక్కేశాను,
కలిపినా పదకొండు దాటలేదు.

మొదటి రాత్రి, ఇది మామూలేననుకున్నాను.
మెమరీ ఊరికే పడుంటే కెర్నల్‌కి ప్రాణం ఒప్పదు,
చదివిన ప్రతి ఫైలునీ పక్కన పెట్టుకుంటుంది
మళ్ళీ అడుగుతారేమోనని.
ఎవరికైనా చోటు కావాలంటే
బస్సులో మర్యాదస్తుడిలా లేచి జరుగుతుంది.
"కాష్‌ని చూసి బెదరకు" అని
కొత్తగా చేరిన కియరన్‌కి పాఠం కూడా చెప్పాను.
చెప్పిన నలభై నిమిషాలకి
వేలం డేటాబేస్‌ని చంపేసింది కెర్నల్.
దానిదొక పద్ధతి: ఊపిరాడనప్పుడు
దొంగని కాదు, లావుపాటివాణ్ణి పట్టుకుంటుంది.

రెండో రాత్రి, కాష్ ఖాళీ చెయ్యమని
రాయాల్సిన చోట ఒక అంకె రాశాను. మూడు.
కాసేపు బిగుసుకుపోయి, ఆ తర్వాత
యాభై గిగాబైట్లు కక్కింది.
కియరన్ చప్పట్లు కొట్టాడు,
గంటకోసారి అదే రాయించేద్దామన్నాడు.
అంటే పడవలో నీళ్ళు తోడే మనిషిని పెట్టి
చిల్లు సంగతి మర్చిపోదామని.
నిజం చెప్పొద్దూ, నేనూ సరేనన్నాను.
నిద్ర ముంచుకొస్తోంది మరి.

ఇవాళ మాత్రం కెర్నల్ సొంత అరల పట్టీ తెరిచాను.
డెంట్రీలు. ఫైళ్ళ పేర్లు రాసుకునే చీటీలు.
ఒక్కోటీ నూట తొంభై రెండు బైట్లు,
ఇరవై ఆరు కోట్లున్నాయి.
డిస్కులో ఫైళ్ళెన్ని? నాలుగు లక్షలు.
మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగు లక్షలే.
టీ చల్లారిపోయింది.
మరి మిగతా చీటీలు ఎవరివి?

ఎవరివీ కావు.
లేని ఫైళ్ళవి.
ఎవరో ఒక పేరు అడిగారు, వెతికితే దొరకలేదు,
రేపు మళ్ళీ అడిగితే మళ్ళీ వెతకక్కర్లేకుండా
"ఇది లేదు" అని చీటీ రాసి దాచింది కెర్నల్.
ఉన్నదానికి ఎంత చోటో
లేదు అన్న మాటకీ అంతే చోటు.

అడిగిందెవరా అని కాపు కాశాను.
పెట్టె ఫొటో కోసం ఎదురుచూసే బుల్లి స్క్రిప్టు.
నేను రాసిందే, పోయిన ఆగస్టులో.
కాడ్ పెట్టె, హాడక్ పెట్టె, రెండు వేల పెట్టెలు,
ఫొటో వచ్చిందా, వచ్చిందా అని సెకనుకోసారి,
అడిగినప్పుడల్లా పేరు చివర టైము తగిలించి.
ఏ పేరూ రెండోసారి అడగదన్నమాట.
ఒక్కసారికీ పనికిరాని చీటీలు
ఇరవై ఆరు కోట్లు రాయించాను.

పేరుపేరునా అడగడం మాన్పించి
సంచి విప్పి ఏమున్నాయో చూడమన్నాను.
మూడు పంక్తులు. అంతే పని.

ఐదున్నరకి క్లిఫర్డ్ వచ్చాడు,
రబ్బరు బూట్లతో, తలుపు బార్లా తెరిచే ఉంచి.
ఒకప్పుడు పెట్టెలు తూచేవాడు,
డెబ్బై నాలుగేళ్ళకి గంట మాత్రం కొడతాడు.
"ఏమైంది సుభా?" అన్నాడు.
లేనివాటిని గుర్తుపెట్టుకుని
సర్వర్‌కి ఊపిరాడలేదని చెప్పాను.
అతను నవ్వలేదు.
కిటికీలోంచి రేవు వైపు చూస్తూ
"ఆ మూడో గుంజ దగ్గర బెస్సీ థొరాల్డ్,
పక్కన నార్త్ మారిగోల్డ్, ఆ పక్కది..." అంటూ
ఖాళీ నీళ్ళని పేరుపేరునా పిలుచుకుంటూ పోయాడు.
పదిహేడు దాకా లెక్కపెట్టి ఊరుకున్నాను.
ఇవాళ అక్కడున్న పడవలు నాలుగు,
అందులో ఒకటి గాలిమరల పనివాళ్ళని మోసేది.
ఆపమనలేదు.
అతని దగ్గర ఇంకా చోటుంది.

ఆరు యాభైకి చీటీల గీత
నాలుగు లక్షల దగ్గర చదునుగా పడుకుంది.
కియరన్ మంచుముక్కల మీద జారి
తిట్టుకుంటూ లోపలికొచ్చాడు.
ఏడింటికి గంట.
మొదటి పెట్టె హాడక్, ముప్పై ఎనిమిది కిలోలు,
ఫొటోతో సహా.